పథ్యమూ మడీ ఒకటి కాదు

మన భాషలో పథ్యం అనే మాటకు ఒక గడువు ఉంటుంది. జ్వరం తగ్గేదాకా పథ్యం, బాలింతకు కొన్నాళ్లు పథ్యం, ఆకుమందు మింగినన్నాళ్లు పథ్యం. గడువు తీరిన రోజున పథ్యం విడిచామని చెప్పుకుంటాం. ఆ పూట కాస్త ఉప్పూకారం దట్టించి వండుకుంటాం. చప్పిడి కూడు సయించకపోయినా ఓర్చుకుంటామంటే, అది ఒకనాటికి అయిపోతుందని తెలుసు కాబట్టే. కానీ గడువు లేని పథ్యం ఒకటి ఉంది. అదే మందు, అదే వైద్యం. దాన్ని విడిచే రోజంటూ రాదు. సీలియాక్ వ్యాధి ఉన్నవారి పథ్యం అలాంటిది. ఆ పథ్యం మన బౌద్ధ సమాజం ముందు పెడుతున్న ఒక నైతిక ప్రశ్నను ఇక్కడ ఆలోచిద్దాం.

ముందు జబ్బు సంగతి. గోధుమలోను, బార్లీలోను, మన దగ్గర పండని రై అనే ధాన్యంలోను గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. గోధుమపిండి ముద్ద సాగడానికి కారణం అదే. సీలియాక్ వ్యాధి ఉన్నవారి ఒంట్లోకి అది వెళ్లినప్పుడు, శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపలి పొర మీద ఆహారసారాన్ని పీల్చుకునే సన్నని వేళ్లలాంటి భాగాలు అరిగి చదునవుతాయి. ఇక తిన్నది ఒంటికి పట్టదు. పిల్లలు ఎదగరు. పెద్దల్లో ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తహీనత తగ్గదు, ఎముకలు పెళుసుబారతాయి. కొందరికి విరేచనాలు, కడుపుబ్బరం ఉంటాయి. కొందరికి పైకి ఏ బాధా తెలియదు, లోపల నష్టం మాత్రం జరిగిపోతూనే ఉంటుంది. దీన్ని నయం చేసే మాత్ర లేదు, ఆపరేషన్ లేదు. గ్లూటెన్‌ను జీవితాంతం మానడమే చికిత్స. మానితే పేగు మెల్లగా కోలుకుంటుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ చెడుతుంది.

ఈ సంగతి తేల్చినవారిలో ముఖ్యుడు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికే. గోధుమ మీద ఆయనకు ముందే అనుమానం ఉంది. 1941లోనే ఈ పిల్లలకు గోధుమ లేని ఆహారం గురించి రాశాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో ఆ దేశం భయంకరమైన ఆకలిని చూసింది. రొట్టె దొరక్క జనం ట్యూలిప్ దుంపలు తిన్నారు. అందరూ చిక్కిపోతున్న ఆ రోజుల్లో ఈ జబ్బు పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడడం ఆయన అనుమానానికి బలమిచ్చాయి. 1950లో దాన్ని పరిశోధన గ్రంథంగా సమర్పించాడు. ధమ్మం చదువుకున్న మనకు ఈ వరస కొత్తది కాదు. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, కారణాన్ని తొలగిస్తే దుఃఖం ఆగుతుంది, తొలగించడానికి ఒక మార్గం ఉంది. మొదటి మూడింటినీ వైద్యుడు ఒక్క పూటలో చెప్పేస్తాడు. నాలుగోదాన్ని మాత్రం రోగి బతికినన్నాళ్లూ నడవాలి.

మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది గోధుమ తినే ఉత్తరాదిలో. అక్కడ సుమారు నూటికి ఒకరికి ఇది ఉన్నట్టు అధ్యయనాలు చూపించాయి. దక్షిణాదిలో చాలా తక్కువ. అయితే ఈ జబ్బుకు వీలిచ్చే జన్యువులు మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకే తీరున, మూడింట ఒక వంతు మందిలో ఉన్నాయి. ముఖ్యమైన తేడా కంచంలోనే కనిపిస్తుంది. ఆ కంచం ఇప్పుడు మారుతోంది. రాత్రిపూట చపాతీ తింటే మంచిదన్న మాట తెలుగు ఇళ్లలో స్థిరపడింది. బ్రెడ్డు, బిస్కట్, పరోటా, నూడుల్స్ పల్లెకు చేరాయి. సూరత్, భివండీ మగ్గాల దగ్గరకు వెళ్లిన మన కుటుంబాలు అక్కడి తిండికి అలవాటుపడ్డాయి. పైగా మహారాష్ట్రలో, ఉత్తరప్రదేశ్‌లో, పంజాబ్‌లో ఉన్న మన ధమ్మ బంధువులకు రొట్టె రోజువారీ అన్నం. కాబట్టి ఇది ఎక్కడో ఎవరికో వచ్చే జబ్బని పక్కన పెట్టలేం.

ఈ పథ్యం వినడానికి సులువుగా ఉంటుంది. గోధుమ మానేసి అన్నం తింటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆచరణలో అలా ఉండదు. బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా పాయసం, పూరీ, మైదా బొబ్బట్టు కంటికి కనిపించే గోధుమలు. కనిపించనివి ఇంకా ఉన్నాయి. బజారులో దొరికే ఇంగువ పొడిలో తరచు మైదా కలుస్తుంది. ఆ ఇంగువ తాలింపు పడితే పప్పు, చారు, పులిహోర అన్నీ పనికిరాకుండా పోతాయి. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. పాలల్లో కలుపుకునే మాల్ట్ పొడుల్లో బార్లీ ఉంటుంది. జొన్నలు మంచివే, కానీ పిండిమరలో గోధుమలు ఆడించిన వెంటనే జొన్నలు పోస్తే ఆ పిండిలో గోధుమ కలిసినట్టే. పూరీలు వేయించిన నూనెలో వడలు వేయించినా అంతే. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు లోపలికి పోయినా పేగు దెబ్బతింటుందని పరీక్షల్లో తేలింది. అది దాదాపు అర గ్రాము గోధుమపిండిలో ఉండేంత. మన లెక్కలో చిటికెడు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనే మాట ఈ జబ్బు దగ్గర ఎందుకు చెల్లదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. ఈ జబ్బు ఉన్న మనిషి ఏ ఇంటికి వెళ్లినా, ఏ సభకు వెళ్లినా, తినే ముందు అడగాలి. దేనితో చేశారు, ఇంగువ వేశారా, ఏ గరిటెతో కలిపారు అని ఆరా తీయాలి. చాలాసార్లు వద్దని చెప్పాలి. ఈ మాటలు మన చెవులకు ఎలా వినిపిస్తాయి? మన తాతముత్తాతల చేతి నీళ్లు తాగని దేశం ఇది. మన చేతి ముద్ద మైల అన్నారు. టీ కొట్టు దగ్గర మనకు వేరే గ్లాసు పెట్టారు, దాన్ని మనమే కడుక్కొని చూరులో దోపాలన్నారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగితే, ఆ తర్వాత ఆ చెరువును పేడతో, గోమూత్రంతో శుద్ధి చేశామన్నారు. అంత చరిత్ర మోస్తున్న ఇంట్లో, ప్రేమతో వడ్డించిన కంచాన్ని ఎవరైనా చేత్తో ఆపితే, ముందుగా పుండు మీదే దెబ్బ తగులుతుంది. కారణం ఏమిటన్న ఆలోచన తర్వాత వస్తుంది.

రోగి వైపు నుంచి చూస్తే ఇది మరీ కష్టం. మన సమాజంలో పుట్టినవారికి, మనసున్నవారికి, ఎదుటివారు ఇలా నొచ్చుకుంటారని బాగా తెలుసు. తెలుసు కాబట్టే చాలామంది అడగరు. వద్దనరు. పెద్దావిడ పెట్టిన బొబ్బట్టు తినేస్తారు. బుద్ధ పూర్ణిమ నాడు విహారంలో పెట్టిన పూరీ తినేస్తారు. నాలుగు రోజులు కడుపు పట్టుకొని పడుకుంటారు. లేదా ఏ బాధా తెలియక, ఏమీ కాలేదు కదా అనుకొని మరోసారి తింటారు. ఇంకొందరు మరో దారి పట్టి, సభలకు రావడమే మానేస్తారు. మన గౌరవాన్ని కాపాడడం కోసం ఒక రోగి తన పేగును బలిపెడుతున్నాడంటే, లేదా మనకే దూరమవుతున్నాడంటే, ఆ గౌరవాన్ని మనం మరోసారి పరీక్షించుకోవాలి.

అందుకే మొదట మడికీ పథ్యానికీ తేడా తేల్చుకోవాలి. రెండూ కంచాన్ని తిరస్కరిస్తాయి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ మడి వండిన చేతిని చూస్తుంది, పథ్యం వండిన గింజను చూస్తుంది. మడి ఉన్నవాడు మన ఇంట్లో అన్నం కూడా తినడు, తన ఇంట్లో అదే అన్నం తింటాడు. పథ్యం ఉన్నవాడు కన్నతల్లి చేసిన చపాతీని కూడా వద్దంటాడు, మన ఇంట్లో అన్నమూ ఇంగువ లేని పప్పూ కలుపుకొని కడుపునిండా తింటాడు. మడికి రుజువు లేదు. పథ్యానికి రక్తపరీక్ష ఉంది, పేగు ముక్క తీసి చూసే పరీక్ష ఉంది. కొత్త సత్యం తెలిస్తే పథ్యం మారుతుంది. రేపు ఈ జబ్బుకు మందు దొరికితే రోగి సంతోషంగా పూరీ తింటాడు. ఏ సత్యం తెలిసినా మడి మాత్రం మారదు.

1936లో అచ్చయిన కుల నిర్మూలన ప్రసంగంలో బాబాసాహెబ్ నియమానికీ సూత్రానికీ మధ్య గీసిన గీత ఇక్కడ మనకు పనికొస్తుంది. నియమం ఫలానా పని చెయ్యి, ఫలానాది చెయ్యకు అని శాసిస్తుంది. మనిషి ఆలోచించనక్కర్లేదు. సూత్రం ఒక పనిని తూచి చూసుకునే తీరును ఇస్తుంది. బాధ్యత మనిషి మీదే ఉంటుంది. మడి నియమం. పథ్యం సూత్రం. పథ్యం పాటించేవాడు ప్రతి పూటా ఆలోచించాలి, అడగాలి, తూకం వేసుకోవాలి. సుత్తనిపాతంలోని ఆమగంధ సుత్తం కూడా మనిషిని మలినం చేసేది అతని చెడు పనులే తప్ప కంచంలోని పదార్థం కాదని బోధిస్తుంది. గ్లూటెన్ మలినం కాదు. అది గోధుమలో ఉన్న ఒక పదార్థం, కొందరి పేగుకు పడదు. ఆ పడకపోవడంలో ఏ పవిత్రతా లేదు, ఏ అపవిత్రతా లేదు.

ఇదే గీటురాయితో దొంగను కూడా పట్టుకోవచ్చు. ఇప్పుడు నగరాల్లో జబ్బు లేకుండానే గ్లూటెన్ మానడం ఒక ఫ్యాషన్ అయింది. రేపు మన ఇంట్లో తినడం ఇష్టం లేనివాడు ఆరోగ్యం పేరు చెప్పవచ్చు. వాడికి అన్నం పెట్టి చూడండి. గింజ మారినా వాడి చెయ్యి కదలకపోతే, అది పథ్యం వేషం వేసుకున్న మడి. కానీ ఆ దొంగ కోసం నిజమైన రోగిని అనుమానించడం అన్యాయం. జబ్బు ఉందో లేదో తేల్చుకోవలసింది డాక్టరు దగ్గర. ఇంకో మాట. అనుమానం వచ్చినవారు ముందే గోధుమ మానేసి పరీక్షకు వెళ్లకూడదు. మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.

మనలోనే కొందరు ఇంకో అభ్యంతరం చెప్పవచ్చు. భిక్షువు పాత్రలో పడినదాన్ని ఎంపిక లేకుండా తినాలి కదా, భగవానుడు చుందుడు పెట్టిన చివరి భోజనాన్ని కాదనలేదు కదా అని. ఆ కథను మొత్తం గుర్తు చేసుకుందాం. చుందుడు కమ్మరి. ఆయన ఇంట భగవానుడు భోజనం చేశాడు. కానీ ఆ వంటకాన్ని మిగతా భిక్షువులకు వడ్డించవద్దని, మిగిలినదాన్ని గుంట తీసి పూడ్చమని చెప్పాడు. వాళ్లకు చుందుడి చేతి మీదుగానే వేరే పదార్థాలు పెట్టించాడు. తర్వాత జబ్బుపడి, చుందుడి మనసులో పశ్చాత్తాపం మిగలకూడదని ఆనందుడితో ప్రత్యేకంగా చెప్పి పంపాడు. అంటే పదార్థాన్ని కాదనడం, వండినవాడిని గౌరవించడం రెండూ ఒకే పంక్తిలో జరిగాయి. మనకు కావలసిన ఆదర్శం ఆ కథలోనే ఉంది. వినయ పిటకంలో కూడా జబ్బుపడ్డ భిక్షువులకు వేళ కాని వేళ నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మందుగా అనుమతించిన సందర్భం ఉంది. రోగి దగ్గరకు వచ్చేసరికి నియమమే తోవ ఇచ్చింది.

ఇక రెండో ప్రశ్న. ఈ పథ్యాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టే భారం ఎవరిది? మామూలుగా అందరూ రోగిదే అంటారు. నోరు కట్టుకోవాలి, మనసు గట్టి చేసుకోవాలి అని బుద్ధి చెబుతారు. మొదటి ఏడాది భయంతో పథ్యం నడుస్తుంది. పేగు మానుతుంది, ఒంట్లో బలం వస్తుంది, భయం పోతుంది. భయం పోయిన చోట సడలింపు మొదలవుతుంది. చిన్నప్పుడు అమ్మ చూసుకున్న పిల్లవాడు హాస్టల్‌కు వెళ్లాక స్నేహితుల్లో వేరుగా కనబడలేక తింటాడు. కొత్తగా పెళ్లయిన అమ్మాయి అత్తవారింట నోరు విప్పలేక తింటుంది. వీరిలో ఎవరి మనసూ బలహీనం కాదు. చుట్టూ ఉన్న ఏర్పాటే వారికి ఎదురు నిలిచింది.

వినయ పిటకంలో మహావగ్గంలో ఒక ఘట్టం ఉంది. ఒక భిక్షువు కడుపు జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరికీ ఉపయోగపడనివాడని తోటి భిక్షువులు పట్టించుకోలేదు. భగవానుడు ఆనందుడితో నీళ్లు తెప్పించి, స్వయంగా అతన్ని కడిగి మంచం మీదకు చేర్చాడు. తర్వాత సంఘాన్ని పిలిచి, మీకు ఇక్కడ తల్లిదండ్రులు లేరు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని మందలించాడు. నాకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయండి అన్న అర్థంలో చెప్పాడు. ఈ కథ మనం తరచు చెప్పుకునేదే. దాని వెంటనే వచ్చే భాగాన్ని మాత్రం అంతగా చెప్పుకోం. అక్కడ మంచి రోగి లక్షణాలు ఐదు, మంచి పరిచారకుడి లక్షణాలు ఐదు ఉన్నాయి.

రోగి తనకు సరిపడేదే చేయాలి, అందులోనూ మోతాదు ఎరగాలి, మందు తీసుకోవాలి, తన జబ్బును ఉన్నదున్నట్టు చెప్పాలి, బాధను ఓర్చుకోవాలి. పరిచారకుడు మందు సిద్ధం చేయగలగాలి, సరిపడేదేదో సరిపడనిదేదో తెలిసి, సరిపడనిదాన్ని తీసేసి సరిపడేదాన్ని తెచ్చి పెట్టాలి, లాభం కోసం కాక మైత్రితో చూడాలి, మలమూత్రాలకు అసహ్యించుకోకూడదు, ధమ్మపు మాటలతో ధైర్యం చెప్పాలి. సరిపడేదాన్ని పాలిలో సప్పాయం అంటారు. మన పథ్యానికి దగ్గరి మాట. ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. సప్పాయం గురించిన మాట రెండింటిలోనూ ఉంది. పథ్యం పాటించడం సగం రోగి పని, సగం వడ్డించేవాడి పని. నోరు కట్టుకోవడం ఒకరి వంతు అయితే, కంచంలోకి సరిపడనిది రాకుండా చూడడం మరొకరి వంతు. జబ్బును దాచకుండా చెప్పడం రోగి బాధ్యత. చెప్పడానికి వీలైన చోటు కల్పించడం మన బాధ్యత.

కోసల రాజు పసేనది కథ కూడా ఇలాంటిదే. ఆయన మితిమీరి తిని ఆయాసపడేవాడు. భగవానుడు మితాహారం మీద ఒక గాథ చెప్పాడు. రాజు తన మీద తాను నమ్మకం పెట్టుకొని ఊరుకోలేదు. సుదస్సనుడనే యువకుణ్ణి పిలిచి, తాను భోజనానికి కూర్చున్నప్పుడల్లా ఆ గాథ చదవమన్నాడు. అందుకు రోజూ జీతం ఏర్పాటు చేశాడు. మెల్లమెల్లగా రాజు తిండి తగ్గింది, ఒళ్లు తేలికపడింది. సైన్యాలను నడిపిన రాజుకే ఒక్కడే నోరు కట్టుకోవడం కుదరలేదు. పక్కన ఒక తోడు కావలసి వచ్చింది. మన కాలంలోనూ చూశాం. బాబాసాహెబ్ మధుమేహంతో ఎన్నో ఏళ్లు బాధపడ్డారు. 1948లో ఆయన పెళ్లాడిన డాక్టర్ సవితా అంబేడ్కర్ ఆయన ఆహారాన్ని, ఇన్సులిన్‌ను చూసుకున్నారు. అంతటి సంకల్పబలం ఉన్న మనిషికి కూడా పథ్యంలో తోడు అవసరమైంది.

తప్పు జరిగినప్పుడు ఏం చేయాలి? ఏళ్ల తరబడి సాగే పథ్యంలో తెలియక ఒకసారి, ఆశపడి ఒకసారి జారడం సహజం. దాన్ని పాపంలా చూస్తే రోగి దాచడం మొదలుపెడతాడు. దాచిన చోట వైద్యం ఆగిపోతుంది. మనం పంచశీలను శిక్షాపదాలు అంటాం. అవి దేవుడి ఆజ్ఞలు కావు, సాధన మెట్లు. జారినవాడు మళ్లీ వందన చేసి, మళ్లీ శీలం తీసుకుంటాడు. ప్రతి వందనలోనూ అందరం మళ్లీ తీసుకునేది అందుకే. పథ్యాన్ని కూడా అలాగే చూడాలి. నిన్న జారిన చోటు ఏదో చూసుకొని, ఈ పూట నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. జీవితాంతం అన్న మాట ఒక్కసారిగా మోయలేనిది. ఈ పూట అన్నది ఎవరైనా మోయగలరు.

ఇక మన విహారాల సంగతి. రోగి అవసరం తెలిసిన వెంటనే మనకు తోచే పరిష్కారం అతనికి వేరే కంచం, వేరే గిన్నె, ఒక మూలన వేరే వంట. వైద్యం ప్రకారం అది సరైనదే. కానీ వేరే కంచం, వేరే గ్లాసు అనే మాటలు మనలో ఏం కదిలిస్తాయో పైన చెప్పుకున్నాం. ముఖ్యంగా చిన్నపిల్లలకు ఆ వేరుతనం జబ్బు కంటే ఎక్కువ నొప్పి పెడుతుంది. ఇంతకంటే మేలైన దారి ఒకటి ఉంది. మనిషిని పంక్తి నుంచి విడదీసే బదులు కుండను మారుద్దాం. తెలుగు నేల మీద ఇది చాలా సులువు. అన్నం మనది, జొన్న రొట్టె మనది, రాగి సంగటి మనది, కొర్రలు, సజ్జలు మనవి. వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. విహారంలో సామూహిక భోజనం పెట్టే రోజున గోధుమ లేని వంటకాలు కనీసం రెండు మూడు అందరికీ కలిపి వండవచ్చు. ఉప్మా బదులు అటుకులు పెట్టవచ్చు. సేమ్యా పాయసం బదులు బియ్యం పరమాన్నం చేయవచ్చు. ఇంగువ మానవచ్చు, లేదా దాని డబ్బా మీద ఏముందో చదవవచ్చు. పూరీలు ఉంటే వాటిని వేరే చోట, చివర వడ్డించవచ్చు. అప్పుడు రోగి అడగకుండానే పంక్తిలో కూర్చుంటాడు, పక్కవాడు తిన్నదే తింటాడు.

విజయదశమికి, అక్టోబర్ 14కి నాగపూర్ దీక్షాభూమికి మన వాళ్లు రైళ్లలో వేల మంది వెళతారు. దారి పొడవునా ఉపాసకులు ప్రేమతో ఉచితంగా భోజనం పెడతారు. ఏ వంటకంలో గోధుమ ఉందో ఒక అట్ట మీద రాసి పెట్టడానికి ఖర్చు ఏమీ కాదు. ప్యాకెట్ల మీద గోధుమ ఉన్న సంగతి రాయాలని, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే గ్లూటెన్ లేనిదని చెప్పుకోకూడదని మన దేశంలో చట్టం ఉంది. కంపెనీ చేయవలసిన పని ఉపాసకుడు చేయడం ఏమంత కష్టం?

ఒక్కరి కోసం వందమంది తిండి మార్చాలా అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. వందమంది ఇష్టాన్ని పూర్తిగా తీసేయమని ఎవరూ అడగడం లేదు. తూచి చూద్దాం. ఒకవైపు వందమందికి ఒక పూట పూరీ లేకపోవడం. మరోవైపు ఒకరికి పేగు చెడడం, లేదా జీవితాంతం పంక్తికి దూరం కావడం. ఈ రెండూ ఒక బరువువి కావు. సహపంక్తి భోజనం ఒక్కదానితోనే కులం పోదని బాబాసాహెబ్ అన్నారు. అది నిజం. కానీ ఒకే పంక్తిలో కూర్చోవడం కూడా కుదరనివాడు మన మధ్య ఉంటే, మనం చెప్పే సమానత్వం అతని దాకా చేరనట్టే.

విహారం దాటిన బాధ్యత కూడా ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం కింద అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అది ప్రధానంగా బియ్యం. పంజాబ్, హర్యానా, రాజస్థాన్ వంటి చోట్ల ప్రధానంగా గోధుమ. అక్కడ సీలియాక్ ఉన్న పేద కూలీకి రేషన్ సంచే విషం. డబ్బున్నవాడు గ్లూటెన్ లేని పిండి కొనుక్కుంటాడు. లేనివాడికి డాక్టర్ చెప్పిన పథ్యం చీటీ మీదే మిగిలిపోతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో ఒకటి, మనుషులకు పశువులకు పనికొచ్చే మందు మొక్కలు లేని చోట తెప్పించి నాటించామని చెబుతుంది. మందు దొరికేలా చూడడం రాజ్యం పని అని మన నేల మీదే ఆనాడే రాసి ఉంది. అన్నమే మందైన రోగికి గోధుమ బదులు బియ్యమో జొన్నలో ఇవ్వమని అడగడం దయ కోసం చేయి చాచడం కాదు, హక్కు అడగడం. ఉత్తరాది బౌద్ధ సంఘాలు ఈ కోరికను ఎత్తుకుంటే, బియ్యం తినే మనం వారి వెంట నిలబడాలి.

వచ్చే పూర్ణిమకు విహారంలో వంట సరుకుల జాబితా రాసే ఉపాసికలు, ఉపాసకులు ఒక్క పని చేయండి. తిండి ఏదైనా పడనివారు మన మధ్య ఎవరున్నారో ముందే అడిగి, ఆ మాట జాబితా పైన రాసుకోండి. ఎవరూ లేరని తేలినా నష్టం లేదు. ఇక్కడ అడుగుతారన్న సంగతి నలుగురికీ తెలుస్తుంది. వచ్చే ఏడు ఒకరు భయం లేకుండా చెబుతారు.